చీనా తాయెత్తు

12 సెప్టెంబర్ 2018, బుధవారం

ఖర్జూరం కోత ముగిసింది. చివరి ట్రక్కు బురైదా మార్కెట్‌కు పోయింది. తోటలో ఇంక నేనూ, డ్రైవరు మస్తాన్ వలీ, పైపుల్లో నీళ్ల చప్పుడూ మిగిలాం.

కఫీల్, అంటే మాకు పని ఇచ్చి మా కాగితాలు చూసే సౌదీ యజమాని, అబూ ఫహద్ వచ్చాడు. నా ఇకామా, ఇక్కడ ఉండే అనుమతి కార్డు, గడువు రంజాన్‌లోనే తీరిపోయింది. ఇకామా లేకుండా ఇక్కడ ఉండకూడదు, అది లేకుండా ఇంటికీ పోనివ్వరు. ఆ సంగతి అడుగుదామని ఆయన కారు దాకా వెళ్లాను. సలాం చెప్పాను. మోటారు బెల్టు అరిగిందని చెప్పి వచ్చేశాను.

"అడిగావా మామా?" అన్నాడు మస్తాన్ వలీ.

"ఊఁ."

"ఏమన్నాడు?"

"కొత్తది తెస్తానన్నాడు."

"ఇకామానా?"

"బెల్టు."

14 సెప్టెంబర్, శుక్రవారం

మాబున్నీ ఫోను చేసింది.

"ఏడో నెల పెట్టింది నాయనా. తాయెత్తు ఎప్పుడు పంపుతావు?"

"వస్తాను గదా."

"నువ్వు వచ్చేది రంజాన్ కాడ్నించీ వింటన్నా. నువ్వన్నా రా, అదన్నా పంపు."

కోపంగా అనలేదు. నా కూతురు గట్టిగా మాట్లాడదు. నా పోలికే.

మొదటి కాన్పప్పుడు తాయెత్తు నా దగ్గరే ఉంది. నేను ఇక్కడ ఉన్నాను. రెండోసారీ అంతే. రెండు కాన్పులూ నిలవలేదు. తాయెత్తు లేకపోబట్టే అని ఆమె ఎప్పుడూ అనలేదు. అల్లుడు అనలేదు, వాళ్ల అమ్మ అనలేదు. నేనే అనుకుంటాను.

15 సెప్టెంబర్

తాయెత్తు బియ్యం డబ్బాలోంచి తీసి చూశాను. బాగానే ఉంది.

అరచేతికి కొంచెం చిన్నది. నల్లబడిన చెక్క. రెండు పక్కలా చీనా అక్షరాలు. పైన తాడుకు చిల్లు. ఒక అంచు మాడినట్టు ఉంటుంది. తరాల నుంచి పట్టిన ఊదు పొగ అది.

సముద్రం దాటే మగవాడి దగ్గర ఇది ఉండాలి. ఇంట్లో ఆడమనిషికి ఏడో నెల వస్తే, గురువారం సాయంత్రం ఇత్తడి గిన్నెలో నానబెట్టి, శుక్రవారం పరగడుపున పడమటి వైపు తిరిగి ఆ నీళ్లు తాగాలి. మా అమ్మ తాగింది. మాబున్నీని కన్నప్పుడు నా భార్య తాగింది. మా ఇంట్లో కాన్పు తప్పడం మాబున్నీతోనే మొదలు.

18 సెప్టెంబర్

మస్తాన్ వలీకి ఖురూజ్ పడింది. ఇంక తిరిగి రాకుండా వెళ్లిపోవడమే. అక్టోబర్ పదమూడున విమానం. పనివాళ్ల మీద నెలనెలా పన్ను పెట్టాక కఫీల్ మమ్మల్ని మోయలేనంటున్నాడు. ఆయన సంస్థలో సౌదీవాళ్లు తక్కువని దాన్ని సర్కారు నితాకత్ జాబితాలో ఎర్ర రంగులో వేశారు. ఎర్రలో ఉన్నవాడికి కొత్త ఇకామాలు రావు. మస్తాన్ వలీది ఇంకా బతికి ఉంది కాబట్టి పంపగలిగాడు. నాది కంప్యూటర్‌లో తెరుచుకోవడమే లేదట.

తాయెత్తు తీసుకుపొమ్మని మస్తాన్ వలీని అడిగాను. అడగడానికి ఇంత సేపు పట్టింది. టీ రెండుసార్లు కాచాను.

"నీ కూతురు కోసం ఏదైనా తీసకపోతా మామా. బంగారం ఇయ్యి, చీరలు ఇయ్యి. తాయెత్తు మాత్రం వద్దు. ఎయిర్‌పోర్టులో దొరికితే చేతబడి అంటారు. సిహ్ర్ అంటారు. నేను ఎక్కేది విమానం కాదు, పోలీసు బండి."

"దేవుడిదే."

"యా దేవుడిదో ఎవురికి తెలుసు? అందులో ఏం రాసుందో చదివించు. మంచి మాటలైతే అట్టనే చెప్పుకుంటా. లేకపోతే నన్నొదిలెయ్."

నిజమే. ఏం రాసుందో మాకెవరికీ తెలియదు. అడగాలని ఎవరికీ తోచలేదు.

23 సెప్టెంబర్, ఆదివారం

యూసుఫ్‌కు చూపిద్దామా అని ఆలోచిస్తున్నాను.

యూసుఫ్ చైనావాడు, ముసల్మాను. రోడ్డు అవతల కరెంటు లైన్లు వేసే చైనా కంపెనీ క్యాంపులో వంటవాడు. యాభై దాటాయి. కొత్తిమీర, పుదీనా, ఉల్లికాడలు మా దగ్గరే కొంటాడు. రెండేళ్లుగా జుమ్మా నమాజుకు పక్కపక్కనే నిలబడుతున్నాం. అతనిది మసీదు బడిలో నేర్చిన అరబీ, నాది తోట అరబీ. ఇద్దరిదీ కలిపితే ఒక మనిషికి సరిపోతుంది.

రెండేళ్లలో ఈ సంగతి అతనికి చెప్పలేదు. మావాళ్లు అతని దేశం మీదికి యుద్ధానికి పోయారని ఎలా చెబుతాం.

మా తాతకు తాత సిపాయి దస్తగిరి. తెల్లదొరల మద్రాసు పల్టనులో చేరి ఓడెక్కి చీనా పోయాడు. అక్కడ సముద్రం ఒడ్డున కొండ మీద కోట. నిప్పుచక్రాల ఓడలు ముందు నుంచి గుండ్లు వేస్తుంటే, మావాళ్లు పడవల్లో దూరంగా దిగి, చుట్టు తిరిగి, కొండ వెనక నుంచి ఎక్కారు. పొద్దున దిగితే మధ్యాహ్నానికి కోట చేతికొచ్చింది. లోపల ఒక ముసలి సర్దారు, గొప్ప భక్తుడు, ప్రాణం పోతూ సిపాయి తాతను దగ్గరికి పిలిచి ఈ తాయెత్తు చేతిలో పెట్టాడు. నీ వంశానికి నీళ్ల గండం, కాన్పు గండం ఉండవని దీవించాడు.

ఏ భాషలో దీవించాడు అని చిన్నప్పుడు మా తాతను అడిగాను. మొట్టికాయ పడింది.

మేము దూదేకులవాళ్లం. కానీ సిపాయి తాత చీనా నుంచి వచ్చాక మా ఇంట్లో దూది ఏకడం మానేశారు. సిపాయి ఇంట్లో దూది ఏకే విల్లు పట్టడం నామోషీ అని తాత చెప్పేవాడు. మా ఇంట్లో దూది పరుపు కూడా ఉండదు. నేను ఇక్కడ చలికాలంలోనూ చాప మీదే పడుకుంటాను. మస్తాన్ వలీ నవ్వుతాడు.

28 సెప్టెంబర్, శుక్రవారం

చూపించాను.

నమాజు అయ్యాక, యూసుఫ్ వ్యాను వెనక. తువ్వాలులోంచి తీసి అతని చేతిలో పెట్టాను. బొటనవేలు తడిచేసుకుని చెక్క మీద రుద్దాడు. ఎండకు ఏటవాలుగా పట్టాడు. పెదాలు కదిలాయి. చాలాసేపు చూశాడు.

"దేవుడి దువానా?" అన్నాను.

"దువా కాదు."

జేబులోంచి తన ఇకామా కార్డు తీశాడు. చెక్క పక్కన పెట్టాడు.

"హాదా ఇకామా," అన్నాడు. ఇది ఇకామా.

నాకు అర్థం కాలేదు. ఒక వేలు కార్డు మీద, ఒక వేలు చెక్క మీద పెట్టి ఒక్కొక్కటే చూపించాడు. ఇక్కడ పేరు, ఇక్కడ పేరు. చెన్ ఆషెంగ్. ఇక్కడ వయసు, ఇక్కడ వయసు. పందొమ్మిది. ఇక్కడ ఫొటో ఉంది. వాళ్లకు ఫొటో లేదు, అందుకని రాశారు: ముఖం ఎరుపు, గడ్డం లేదు, కుడి కణత దగ్గర మచ్చ. ఇక్కడ కఫీల్ పేరు. ఇక్కడ దండు పేరు.

"కోట సిపాయి. నడుముకు కట్టుకోవాలి. ఇది లేకపోతే కోటలోకి రానివ్వరు."

"ముసలాయన కాదా?"

"పందొమ్మిది," అన్నాడు మళ్లీ. వేళ్లతో చూపించాడు.

అన్నిటికన్నా కింద అక్షరాలు అరిగిపోయి నున్నగా ఉన్నాయి. అక్కడ గోరు పెట్టాడు.

"ఇక్కడ ఊరు ఉండాలి. జిల్లా కనబడుతోంది. ఊరు లేదు. ఎందుకిలా అరిగింది?"

"నీళ్లు," అన్నాను.

"ఏ నీళ్లు?"

చెప్పాను. నానబెడతామని, తాగుతామని, అంచున నలుపు ఊదు పొగ అని. నా అరబీలో చెప్పడానికి చాలాసేపు పట్టింది. అతను కొత్తిమీర కట్టలు రెండు చేతుల్లో పట్టుకుని వింటూ నిలబడ్డాడు.

"మీ ఇంటికి ఎలా వచ్చింది?"

"ఇచ్చాడు."

"ఎవరు?"

"అతనే."

యూసుఫ్ తాడు చిల్లు చూపించాడు. చిల్లు పక్కన చెక్కలోకి కత్తి గాటు ఉంది. ఇన్నేళ్లుగా చూస్తున్నాను దాన్ని. గాటు అని ఎప్పుడూ అనుకోలేదు.

"ఇచ్చేవాడు ముడి విప్పుతాడు," అన్నాడు.

వ్యాను ఎక్కి వెళ్లిపోయాడు. కొత్తిమీర డబ్బులు ఇవ్వడం మరిచిపోయాడు. నేను అడగలేదు.

29 సెప్టెంబర్

ఊరి పేరు మా ఆడవాళ్లు తాగేశారు.

1 అక్టోబర్

మస్తాన్ వలీ అడిగాడు, "ఏం రాసుంది మామా?"

"దేవుడి మాటలే," అన్నాను.

"అయితే ఇయ్యి, సర్దుకుంటా."

"ఇంకా టైముంది గదా."

5 అక్టోబర్, శుక్రవారం

యూసుఫ్ జుమ్మాకు రాలేదు. నా పక్కన పాకిస్తానీ ఎవరో నిలబడ్డాడు.

మాబున్నీకి కాళ్లు వాస్తున్నాయట. డాక్టరమ్మ పడుకోమంది.

9 అక్టోబర్, మంగళవారం

యూసుఫ్ వచ్చాడు. క్యాంపులో జ్వరాలు, అందుకే రాలేదు అన్నాడు. పుదీనా అడిగాడు. కోస్తుంటే నా పక్కన కూర్చున్నాడు.

"జ్వరాలు లేవు," అన్నాడు కాసేపటికి.

"తెలుసు."

"మా బడి పుస్తకంలో ఉంది ఆ యుద్ధం. ఇంగ్లీషువాళ్లు నల్లమందు అమ్ముకోవడానికి ఓడలేసుకొచ్చారని. వాళ్లతో హిందూ దేశం సిపాయిలు కూడా వచ్చారని. బొమ్మ ఉండేది. సిపాయి బొమ్మకు చిన్నప్పుడు పెన్సిలుతో కళ్లు పొడిచాను."

నేను పుదీనా కోస్తూనే ఉన్నాను.

"నీ తాతా?"

"తాతకు తాత."

"ఆయన ఎంతమందిని చంపాడు?"

"తెలియదు. ఎవరూ చెప్పలేదు."

ఫోనులో చదివాడట ఈ వారం రోజులూ. ఆ చెక్క మీదున్న కోట పేరు పట్టుకుని. చెప్పాడు. జనవరి నెల, చలి. కోటలో వాళ్లు దూది కుట్టిన కోట్లు వేసుకుని ఉన్నారు. వాళ్ల తుపాకులకు మండే వత్తి ఉంటుంది, నడుము దగ్గర మందు సంచి ఉంటుంది. గుండు తగిలి పడినవాడి కోటు ఆ వత్తికే అంటుకునేది. ఆయుధం కింద పడేస్తే వదిలేస్తారని వాళ్లకు తెలియదు. తెలిసినా ఎవరు వదిలేవాళ్లో. కొంతమంది కొండ మీంచి సముద్రంలోకి దూకారు.

తాయెత్తు అడిగాడు. తెచ్చి చూపించాను. మాడిన అంచు మీద వేలు పెట్టాడు.

"ఇది ఊదు పొగ అన్నావు."

"మా ఇంట్లో అలా అంటారు."

పుదీనాకు, పోయినసారి కొత్తిమీరకు కలిపి డబ్బులిచ్చాడు.

10 అక్టోబర్

మా తాత ఇంకో మాట కూడా చెప్పాడు. సిపాయి తాత గురించి రాసిన రోజు అది రాయలేదు. మరిచిపోయి కాదు.

తాతకు పదేళ్లప్పుడు సిపాయి తాత ఇంకా ఉన్నాడు. ముసలివాడైపోయాడు. ఒకరోజు మా వీధి చివర దూది ఏకే పాక అంటుకుంది. ఊరంతా కుండలు పట్టుకుని పరిగెత్తారు. సిపాయి తాత మాత్రం అటు పోలేదు. పొలాల మీదుగా పోయి కాలవలో దిగాడు. మెడలోతు నీళ్లలో కూర్చున్నాడు. సాయంత్రమైనా పైకి రానన్నాడు. కొడుకులు పోయి రెక్కలు పట్టి లాక్కొచ్చారు. ఏమైంది అంటే, పాకలో మనుషులు ఉన్నారు, వాసన వస్తోంది అన్నాడట. పాకలో ఎవరూ లేరు. దూదే.

తాత ఇది నవ్వుతూ చెప్పేవాడు. ముసలితనంలో మతి పోయింది, అంత పోటుగాడు నిప్పుకు జడిసి నీళ్లలో దాక్కున్నాడు అని. మేమూ నవ్వేవాళ్లం.

మా ఇంట్లో దూది మానేసింది విల్లు పట్టడం నామోషీ అయి కాదు.

ఆయన అది కోసి తెచ్చుకున్నాడు. ఎందుకు తెచ్చాడో తెలియదు. తెచ్చి ఇంట్లో ఇది ఇదీ అని చెప్పలేకపోయాడు. దీవెన అని చెప్పాడు. నేనైనా అంతే చెప్పేవాణ్ణి. మస్తాన్ వలీకి చెప్పాను కూడా.

11 అక్టోబర్, గురువారం

మోటారు షెడ్డు దగ్గర ఇక్కడ ఇసుక గాలికి అడ్డంగా పెంచే అసల్ చెట్టు కొమ్మ విరిగి పడి ఉంది. తెచ్చి చెక్కాను. మట్టలు కోసే కత్తితో. ఆ చెక్కకు ఉన్నంతే పొడుగు, ఉన్నంతే మందం. పైన చిల్లు పెట్టాను.

ఏం రాయాలో తెలియలేదు. దేవుడి మాట రాస్తే మళ్లీ తాయెత్తే, మస్తాన్ వలీకి ప్రమాదం. అతనిది మళ్లీ రాస్తే అబద్ధం.

మూడో తరగతి దాకా మా పంతులు పలక మీద పేరు, ఊరు రాయించేవాడు. అదే గుర్తొచ్చింది నాకు.

నన్నే సాహెబ్. అరవై ఆరు. గడ్డం తెలుపు. ఎడమ బొటనవేలి మీద గాటు. పాతమల్లవరం.

ఊరి పేరు లోతుగా చెక్కాను.

13 అక్టోబర్, శనివారం

మస్తాన్ వలీ వెళ్లాడు.

చెక్క ఇచ్చినప్పుడు తిప్పి తిప్పి చూశాడు. "ఇదేంది మామా, తెలుగులో ఉందే? చీనావాళ్లకు తెలుగొచ్చా ఆ రోజుల్లో?"

"అది కాదు. ఇది ఇయ్యి. నాయన పంపాడని చెప్పు చాలు."

"అదేమైంది?"

"ఉంది. అది పోలీసులు పట్టుకుంటారు గదా."

కాసేపు నా ముఖం చూశాడు. తర్వాత అట్టపెట్టె తాడుకు ఆ చెక్కను కట్టేశాడు, అందరికీ కనబడేటట్టు.

"ఎవురన్నా అడిగితే పెట్టె మీద పేరుచెక్క అంటా. నన్నే సాహెబ్‌ను నేనే అంటా. గడ్డం తెల్లగా లేదేందిరా అంటే, సౌదీలో నల్లబడింది అంటా."

కారు ఎక్కేముందు నా కాళ్లకు దణ్ణం పెట్టబోయాడు. నేను వెనక్కి జరిగాను. అతనూ తడబడ్డాడు. సరిగా సెలవు చెప్పుకోలేదు.

తోటలో ఒక్కణ్ణే.

16 అక్టోబర్

మాబున్నీ ఫోను.

"ఇదేంది నాయనా? తాయెత్తేది?"

"అదే."

"ఇది నీ పేరు. మా అత్త నవ్వతంది, మీ నాయన ఇకామా కార్డు పంపాడని. తాయెత్తేది?"

సిగ్నల్ పోయింది.

17 అక్టోబర్

సిగ్నల్ పోలేదు. నేనే పెట్టేశాను.

18 అక్టోబర్, గురువారం

చెప్పాను. యూసుఫ్ చదివింది మొత్తం మాబున్నీకి చెప్పాను. కత్తి గాటు చెప్పాను. అంచు చెప్పాను. ఇంతసేపు ఫోనులో మాట్లాడటం నాకు ఇదే మొదలు.



"రెండుసార్లు నా కాడ లేదు," అంది. "మూడోసారీ లేదు. నువ్వు చెప్పేది నిజమే అయ్యుండచ్చు నాయనా. కానీ అమ్మా నాయనమ్మలంతా తాగినప్పుడు నిజం కానిది నా కాడికొచ్చేసరికే నిజమైందా?"

పెట్టేసింది.

దానికి జవాబు రోజంతా వెతికాను.

19 అక్టోబర్, శుక్రవారం

పొద్దున్నే ఫోను చేసింది. నేను చెట్లకు నీళ్లు వదులుతున్నాను.

"అతనికి పెళ్లయిందా నాయనా?"

"ఎవరికి?"

"అతనికే. ఆ చెక్క మీద పేరున్నతనికి."

"అందులో లేదు."

"పందొమ్మిదా?"

"ఊఁ."

"అమ్మ ఉండుంటది. ఆమెకు తెలిసుండదు గదా, ఏమయ్యాడో. సముద్రంలో పడ్డాడో, కాలాడో. పేరుచెక్క మన కాడుంటే వాళ్లకెట్టా తెలుస్తది?"

నేను పైపు ఇంకో చెట్టుకు మార్చాను.

"మొదటి బిడ్డ పోయినప్పుడు నాకు చూపించలేదు. నీకు తెలుసా? చూడబాకు, మరిచిపోలేవు అని తీసకపోయి పూడ్చారు. ఇప్పటికీ యాడో చెప్పరు."

తెలియదు. నాకెవరూ చెప్పలేదు. నేను అడగలేదు.

"ఇచ్చెయ్ నాయనా అది. నాకొద్దు."

"కాన్పు కానీ. తర్వాత..."

"కాన్పు బాగుంటే ఇయ్యబుద్ధి కాదు. బాగలేకపోతే పారేస్తావు. ఇప్పుడే ఇచ్చెయ్."

తర్వాత అంది, "నువ్వు పంపింది రాత్రి నానబెట్టాను. ఏం చెట్టు అది? చేదు విషం."

"అసల్ చెట్టు. తాగావా?"

"తాగా. పడమటికి తిరిగే తాగా. మా ఆయన డాక్టరమ్మకు చెబుతానని గొడవ."

26 అక్టోబర్, శుక్రవారం

యూసుఫ్‌ను అడిగాను, ఇది ఎవరికి ఇవ్వాలి అని. జిల్లా తెలుసు, ఇంటిపేరు తెలుసు, ఊరు తెలియదు. ఆ జిల్లాలో ఆ ఇంటిపేరు వాళ్లు లక్షల్లో ఉంటారన్నాడు.

తనది చాలా లోపలి ఊరట. ఇసుక, కొండలు, గొర్రెలు. ఇక్కడిలాగే ఉంటుందన్నాడు. సముద్రం విమానంలోంచి చూడటమే.

ఈ రోజు ఇవ్వలేదు. తువ్వాలు మరిచిపోయి వచ్చాను.

2 నవంబర్, శుక్రవారం

వాన. జుమ్మాకు పోలేదు.

9 నవంబర్

యూసుఫ్‌కు పని ఎక్కువగా ఉంది. మధ్యలో ఎందుకని.

16 నవంబర్

తువ్వాలు మరిచిపోలేదు. మరిచిపోయానని రాసిన రోజు కూడా మరిచిపోలేదు, ఇవ్వలేదంతే. మాబున్నీకి ఎనిమిదో నెల నిండింది.

23 నవంబర్, శుక్రవారం

చైనా క్యాంపు ఎత్తేస్తున్నారు. లైన్ల పని అయిపోయింది. యూసుఫ్ రేపు రియాద్ పోయి అక్కణ్నుంచి విమానం ఎక్కుతాడు. ఆ కోట ఉన్న ఊరికి దగ్గర్లోనే విమానం మారాలట. రెండు రోజులు ఆగుతానన్నాడు.

నమాజులో పక్కన నిలబడ్డాడు. సజ్దాలో నుదురు నేలకు ఆన్చినప్పుడు జేబులో చెక్క తొడకు గుచ్చుకుంది. మాబున్నీ కోసం దువా చేయబోయాను. చెన్ ఆషెంగ్ అని వచ్చింది నోట్లో. మళ్లీ మొదలుపెట్టాను.

బయటికొచ్చాక ఇచ్చేశాను.

"నీ కూతురికి ఎప్పుడు?" అన్నాడు.

"మూడు వారాలు."

"మూడు వారాల తర్వాత పోస్టులో పంపినా నాకు అందుతుంది."

"వద్దు. ఇప్పుడే తీసుకో."

రెండు చేతులతో తీసుకున్నాడు. తీసుకుని వెంటనే జేబులో పెట్టుకోలేదు.

"ఆ ఊరు దొరక్కపోతే?" అన్నాను.

"ఆ కొండ కింద సముద్రం ఉంటుందిగా."

చెక్కను జేబులో పెట్టుకుంటూ అన్నాడు, "ఆ సిపాయి బొమ్మకు పెన్సిలుతో కళ్లు పొడిచానన్నాను."

"ఊఁ."

"ముఖం నీలాగా ఉండదు. పుస్తకంలో ముఖమే సరిగా వెయ్యలేదు."

నవ్వాడు. నేనూ నవ్వాను. ఉల్లికాడలు ఇస్తే ఇంక వండేది ఎవరికి అని వద్దన్నాడు. అయినా పెట్టాను.

30 నవంబర్, శుక్రవారం

పక్కన ఎవరూ నిలబడలేదు.

6 డిసెంబర్

యూసుఫ్ నుంచి ఏమీ రాలేదు. నా ఫోనులో చైనా నంబరు పనిచేయదేమో.

11 డిసెంబర్, మంగళవారం

అల్లుడు ఫోను చేశాడు. మాబున్నీకి రక్తం పోతోందట. ఒంగోలు ఆస్పత్రికి తీసుకుపోతున్నారు. ఇంకా వారం ఉంది టైముకు.

"ఆ తాయెత్తు ఉండి ఉంటే..." అన్నాడు. పూర్తి చేయలేదు.

మధ్యాహ్నం

ఫోను లేదు.

సాయంత్రం

ఫోను లేదు. బియ్యం డబ్బాలో చెయ్యి పెట్టి వెతికాను. అడుగు దాకా. ఇచ్చేశాను కదా. తెలిసే వెతికాను.

12 డిసెంబర్, బుధవారం

అబూ ఫహద్ కారు వచ్చింది. నేరుగా వెళ్లి అద్దం తట్టాను.

"నా కూతురు ఆస్పత్రిలో ఉంది. నన్ను పంపు."

"బుక్రా, ఇన్షా అల్లా." రేపు చూద్దాం అని.

"బుక్రా కాదు. నీ కంప్యూటర్ నన్ను పంపకపోతే నువ్వే నన్ను తర్హీల్‌లో, ఆ పంపించేసే జైల్లో, అప్పగించు. ఇకామా లేనివాణ్ణి పట్టుకున్నామని రాయించు. వేలిముద్రలు తీసుకుని వాళ్లే పంపుతారు."

ఇరవై నాలుగేళ్లలో ఆయనతో ఇన్ని మాటలు మాట్లాడలేదు. ఆయన కారు దిగాడు. తర్హీల్ నుంచి పోతే మళ్లీ ఈ దేశంలోకి రానివ్వరు, మక్కాకు ఉమ్రా యాత్రకు కూడా రానివ్వరేమో, తెలుసా అన్నాడు. తెలుసన్నాను. నువ్వు దొంగవు కాదు, దొంగల మధ్య ఎలా ఉంటావు అన్నాడు. ఆయన కళ్లు తడిశాయి. నాకు ఆయన మీద కోపం రాలేదు. ఆదివారం తీసుకుపోతానన్నాడు.

13 డిసెంబర్, గురువారం

ఆడపిల్ల. నిన్న సాయంత్రం. కోసి తీశారు. రెండు కిలోల లోపే. అద్దాల పెట్టెలో పెట్టారు. ఏడ్చిందట.

మాబున్నీ ఇంకా మాట్లాడటం లేదు. రక్తం ఎక్కిస్తున్నారు.

14 డిసెంబర్, శుక్రవారం

అల్లుడు చేశాడు. మాబున్నీ సంగతి నిన్నటి మాటే. కొంచెం నయం.

15 డిసెంబర్, శనివారం

మాబున్నీ మాట్లాడింది. గొంతు పీలగా ఉంది. పాప పాలు తాగుతోందట, గొట్టంతో. డాక్టరు భయం లేదన్నాడట. ఇంకో నాలుగు రోజులు చూడాలట.

"నాయనా, నువ్వు పంపిన చెక్క ఆస్పత్రికి తెచ్చుకున్నా. దిండు కింద పెట్టుకున్నా. పొద్దున నర్సమ్మ దుప్పటి మారస్తా చూసింది. పేరు చదివింది, వయసు చదివింది, ఊరు చదివింది. సమాధి మీద రాతలాగా ఉంది గదా, పాపం ఆమె గొంతు తగ్గించి అడిగింది, ఎవరమ్మా ఈయన, ఎప్పుడు పోయారు అని."

"నువ్వేమన్నావు?"

"మా నాయన, ఉన్నాడు అన్నా."

సరిగా వినబడలేదని చెప్పి మళ్లీ అడిగాను.

"ఉన్నాడు అన్నా నాయనా. వస్తన్నాడు అన్నా."